ఒంగోలు కొండమీద జ్యూయెట్ దొరగారు

ఆదోనికి ఏ దిక్కునుండి వచ్చినను ఊరికంటె ముందు కొండలే కంటబడును. చెట్టుచేమ అంతగా లేని రాతికొండలు, వాటిమీద కూలిన కోటగోడలు. విజయనగర రాజుల కాలమున ఈ దుర్గము పేరు మోసినది. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన మూడేండ్లకు బీజాపూరు సుల్తానుల వశమయ్యెను. ఆ తరువాత మొగలాయీలు, వారి తరువాత నిజాము వంశీయులు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొని గోడలు పడగొట్టించెను. 1800లో దత్తమండలములతోపాటు కుంపిణీవారి చేతికి వచ్చెను. దండు వచ్చుచున్నదని వినబడగానే మూటముల్లె కట్టుకొని, గొడ్డుగోదను తోలుకొని కొండలకును కోటలకును పరుగెత్తుట ఆ కాలపు జనమునకు క్రొత్త సంగతి కాదు. అందుచేత కీర్తనలలో దావీదు యెహోవాను తన శైలమనియు, తన కోట యనియు పిలుచుచోట మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత సంఘములలో బోధకునికి వివరించు పని లేదు. పశువులు కాయు పిల్లవానికి కూడ అది తెలిసిన మాటయే.

అయితే ఆ కొండయే మరియొక సంగతి కూడ చెప్పుచున్నది. ఎంత ఎత్తున కట్టిన కోటయైనను చేతులు మారుచునే వచ్చినది. కోటను నమ్ముకొన్న వారికి కడపట మిగిలినది పడిపోయిన గోడలే. పరిశుద్ధ గ్రంథము కూడ కొండల విషయములో ఈ రెండు సంగతులను కలిపియే బోధించుచున్నది. సొదొమ మండుచున్నప్పుడు దూతలు లోతును కొండకు పారిపొమ్మనిరి. సౌలు తరుముచుండగా దావీదు ఏన్గెదీ కొండల గుహలలో దాగెను. యూదయలో నున్నవారు శ్రమదినమున కొండలకు పారిపోవలెనని ప్రభువే శిష్యులకు ముందుగా తెలియజేసెను. కనుక ఆపదలో పారిపోవుట అవిశ్వాసమని ఎవరును అనరాదు. కాని పదకొండవ కీర్తనలో, పక్షివలె కొండకు ఎగిరిపొమ్మని స్నేహితులు సలహా చెప్పినప్పుడు, తాను ఇదివరకే యెహోవా శరణుజొచ్చి యున్నట్లు దావీదు జవాబు చెప్పుచున్నాడు. నూట ఇరువదియొకటవ కీర్తన పాడిన యాత్రికుడు కన్నులెత్తి కొండలను చూచినను, సహాయము మాత్రము కొండలను చేసిన వానియొద్దనుండి వచ్చునని చెప్పుకొనుచున్నాడు. కొండలమీద ఆశ పెట్టుకొనుట వ్యర్థమని యిర్మీయా ప్రవక్త స్పష్టముగా వ్రాసెను.

ఏలీయా సంగతి చూడుడి. యెజెబెలుకు భయపడి నలువది దినములు నడిచి హోరేబు చేరెను. దేవుని కొండ, అందులో గుహ. ఇంతకంటె మంచి ఆశ్రయము ఏమున్నది? కాని అక్కడ ఆయనకు ఇక్కడ నీకేమి పని యను ప్రశ్నయే రెండుసార్లు ఎదురాయెను. గాలి, భూకంపము, అగ్ని అన్నియు దాటిపోయిన తరువాత మెల్లని స్వరము ఆయనను వచ్చిన త్రోవనే వెనుకకు పంపెను. అభిషేకింపవలసిన మనుష్యులు క్రింద ఉన్నారు. బయలుకు మోకరించని ఏడువేలమంది కూడ క్రిందనే ఉన్నారు. రూపాంతర పర్వతముమీద పేతురు పర్ణశాలలు కట్టుదుమనెను గాని కొండ దిగువను వ్యాధిగ్రస్తుడైన కుమారునితో ఒక తండ్రి కనిపెట్టుకొని యుండెను. కొండ ఎక్కిన వీరిని దేవుడు మరల దింపెను. లోతు మాత్రము గుహలో కాపురముండెను. అక్కడ అతని కుటుంబమునకు సంభవించినది మనకు తెలిసినదే.

మన తెలుగు దేశములో ఇట్లు కొండ ఎక్కి దిగిన ఒక దైవజనుని చరిత్రను ఈ శతాబ్ది సంచికలో జ్ఞాపకము చేయగోరుచున్నాను. ఆయన మన సంఘశాఖకు చెందినవారు కారు. అమెరికను బాప్తిస్టు మిషనరీ. పేరు లైమన్ జ్యూయెట్. మన ప్రాంతములు చాలాకాలము బళ్లారి జిల్లాలోనివి. 1953లో గాని ఆదోని తాలూకా ఆంధ్రరాష్ట్రములో చేరలేదు. ఆ బళ్లారిలో లండన్ మిషను జాన్ హ్యాండ్స్ దొరగారు 1810లోనే సేవ ప్రారంభించిరి. కాబట్టి జ్యూయెట్ దొరగారు మన త్రాతలలో ఒకరు కారని ఎవరైనను అనవచ్చును. అయినను ఆయన ఓర్పు తెలుగు క్రైస్తవులందరి సొత్తని నా అభిప్రాయము.

ఆయన 1813లో అమెరికా ఈశాన్యమూలనున్న మెయిన్ రాష్ట్రములో వాటర్‌ఫర్డ్ అను ఊర జన్మించిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయములో పట్టభద్రులై, న్యూటన్ వేదాంత కళాశాలలో దైవశాస్త్రము చదివిరి. ఆయన చదువు ముగించునప్పటికి తెలుగు మిషను ప్రాణములు కంఠములో నుండెను. ఈ మిషనును 1836లో సామ్యూల్ డే దొరగారు ప్రారంభించిరి. విశాఖపట్నము, శ్రీకాకుళము, మద్రాసు తిరిగి, కడకు 1840లో నెల్లూరు చేరిరి. పదేండ్లు పాటుపడి ఆరోగ్యము చెడి 1846లో స్వదేశము చేరిరి. ఆ ఫలితమును లెక్కించిన అమెరికా పెద్దలకు ఖర్చు ఎక్కువగాను ఆత్మలు తక్కువగాను తోచినవి. అదే సమయమున బర్మాలో కరెన్ జనులు గుంపులు గుంపులుగా ప్రభువునొద్దకు వచ్చుచుండిరి. ఫలించు పొలము ఒకటి ఉండగా ఫలించని పొలమునకు నీళ్లు ఎందుకు పెట్టవలెను? లెక్కలు తెలిసిన వారెవరైనను అడుగు ప్రశ్నయే యిది. వారిని నిందింప నక్కరలేదు.

1848లో జరిగిన సభలో మిషనును మూసివేయుదురా లేదా యను చర్చ వచ్చినది. మూయరాదని తేలినది. ఆ సంవత్సరమే డే దొరగారితో కలిసి జ్యూయెట్ దొరగారు భార్య యుఫీమియా అమ్మగారితో ఓడ ఎక్కి, 1849లో నెల్లూరు చేరిరి. వచ్చిన కొలది కాలములోనే తెలుగులో ప్రసంగింప సాగిరి. భాషమీద ఆయనకున్న ప్రీతి జీవితాంతము తగ్గలేదు. బజారులలో బోధించుట, గ్రామములు తిరుగుట, బడి నడుపుట, ఇదే దినచర్య. ఫలితము మాత్రము చెప్పుకొనదగినంత లేదు.

1853లో న్యూయార్కు రాష్ట్రములోని ఆల్బనీ నగరమున మరల అదే చర్చ. అప్పుడొకరు గోడమీది పటమును చూపించిరి. బర్మా తీరమంతట మిషను కేంద్రములను సూచించు నక్షత్రములు మెరయుచుండగా, బంగాళాఖాతమునకు ఈవల నెల్లూరునొద్ద ఒకే ఒక్క నక్షత్రము. ఆ ఒంటి నక్షత్రము అను మాట సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవిగారి మనస్సులో నాటుకొని, రాత్రికి రాత్రి ఒక గీతమాయెను. మరునాడు దానిని సభలో చదువగా కఠిన హృదయములు కరిగినవని చెప్పుదురు. మూయవలసిన మిషనుకు మరియొక మనిషిని పంపుటకు నిర్ణయించిరి. ఆ ప్రకారము 1855లో డగ్లస్ దొరగారు నెల్లూరు వచ్చిరి. తెలుగు మిషనుకు ఒంటి నక్షత్రపు మిషనను పేరు అప్పటినుండి నిలిచినది.

ఆ 1853 సంవత్సరాంతమున జ్యూయెట్ దొరగారు నెల్లూరుకు ఉత్తరముగా ఒంగోలు వరకు సువార్త యాత్ర చేసిరి. వెంట నున్నవారు నలుగురే: జ్యూయెట్ అమ్మగారు, క్రిస్టియన్ నరసు అను బోధకుడు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు సహోదరీలు. మిషనరీల జీవిత చరిత్రలలో తెలుగువారి పేర్లు తరచుగా ఒక స్థానిక సహాయకుడు, ఒక బైబిలు స్త్రీ అని మాత్రమే పడుట మనమెరిగినదే. ఇక్కడ పేర్లు మిగిలినవి గనుక మనము వాటిని పలుకవలెను. నరసు, జూలియా, రూతు.

1854 జనవరి ఒకటవ తేదీ. ఇంకను చీకటి యుండగానే ఆ ఐదుగురు ఒంగోలు దగ్గరి కొండ ఎక్కిరి. అది సీనాయివంటి పర్వతమేమియు కాదు. మన ఆదోని కొండలు ఎక్కినవారికి అది ఒక దిబ్బవలె తోచును. పైన ఒక కీర్తన పాడిరి. సువార్త తెచ్చువాని పాదములు పర్వతములమీద ఎంతో సుందరములని చెప్పు యెషయా గ్రంథభాగము చదివిరి. తరువాత ఒకరి వెంట ఒకరు, ఐదుగురును మోకరించి ప్రార్థించిరి. ఆ ప్రార్థన తమ క్షేమము కొరకు కాదు. ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపుమని. తెల్లవారుచుండగా కొండపైనుండి చుట్టునున్న పల్లెలు కనబడినవి. అప్పుడు జ్యూయెట్ దొరగారు దిగువను నాగజెముడుతో నిండిన ఒక బీడును జూలియాకు చూపి, మిషను బంగళాకు ఆ స్థలము బాగుండునా యని అడిగిరట. తరువాతి కాలములో బంగళా ఆ స్థలముననే లేచినది. పిమ్మట వారు కొండ దిగి తమ దారిని నెల్లూరు వెళ్లిపోయిరి.

ఈ చరిత్ర చెప్పువారు సాధారణముగా కొండమీది ఉదయమును విస్తారముగా వర్ణించి, ఆ తరువాతి పండ్రెండేండ్లను ఒక్క వాక్యములో దాటవేయుదురు. నా దృష్టికి ఆ పండ్రెండేండ్లే ఈ చరిత్రకు గుండెకాయ. కొండమీద ప్రార్థించినప్పుడు కాపురముండు దైవసేవకుడు ఒంగోలులో ఒక్కడును లేడు. 1855లో లేడు. 1860లో లేడు. 1865లోను లేడు. ప్రతి జనవరి ఒకటిన ఆ ఐదుగురికి ఏమి జ్ఞాపకము వచ్చియుండును? దేవుడు వినలేదని తలంచుటకు వారికి సంవత్సరమునకొక కారణము దొరికియుండును.

దీనిని నేను మన పరిస్థితినిబట్టి వ్రాయుచున్నాను. దసరా దాటిన పిమ్మట మన పడమటి పల్లెలు ఎట్లుండునో చదువరులకు తెలుసు. వాన తప్పిన యేట ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను చంకనెత్తుకొని సుగ్గికి పోవుదురు. గుంటూరు ప్రక్క మిరపకోతలకు, కొందరు బెంగళూరు, హైదరాబాదు కట్టడపు పనులకు. ఆదివారము ఆరాధనకు ముసలివారు నలుగురు, వారిని కనిపెట్టుకొన్న పిల్లలు ఇద్దరు. వారు పోవుట తప్పు కాదు. కొండకు పారిపొమ్మని దూతలే లోతుకు చెప్పిరి గదా, పిల్లలకు అన్నము పెట్టుటకు పోవుచున్నారు. కాని మిగిలిన ఆ ఆరుగురి కొరకు గంట కొట్టవలెనా, దీపము వెలిగించవలెనా యను ప్రశ్న ప్రతి గ్రామ బోధకుని మనస్సులో మెదలును. అమెరికా పెద్దలు పటము ముందు కూర్చుండి అడిగిన ప్రశ్నకును దీనికిని నాకు ఎక్కువ భేదము కనబడుట లేదు.

జ్యూయెట్ దొరగారి ఆరోగ్యము కూడ నిలువలేదు. విశ్రాంతికై అమెరికా చేరిన సమయమున, 1862లో ప్రావిడెన్సు నగరములో మూడవసారి మిషనును మూసివేయు మాట వచ్చినది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను. డబ్బులేదు, మనుష్యులు లేరు. ఈసారి పాడుటకు కవిగారు లేరు. వ్యాధితోనున్న జ్యూయెట్ దొరగారు తామే నిలిచి, మిషను సహాయము చేయకపోయినను తాను ఒంటరిగా తిరిగిపోయి తెలుగువారి మధ్యనే బ్రదికి, అక్కడనే చనిపోవుదునని తెలియజేసిరి. అట్లైన నిన్ను పాతిపెట్టుటకైనను తోడు ఒకని పంపవలెనుగదా యని కార్యదర్శి వారెన్ గారు అనిరని చెప్పుకొందురు. హాస్యముగా అనిరో, కన్నీటితో అనిరో. ఆ తోడు వచ్చినవారే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. 1864 చివర ఇద్దరును ఒకే ఓడలో బయలుదేరి, మరుసటి యేట మన తీరము చేరిరి.

అటు ఒంగోలుకు దూరపు పల్లె యైన తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు సత్యదేవుని వెదకుచుండెను. యోగమార్గమున చాలాకాలము సాధన చేసినవాడు, శిష్యులు గలవాడు. సువార్త విని, 1866లో భార్యతో ఒంగోలు వచ్చెను. అతనికి బాప్తిస్మమిచ్చినవారు జ్యూయెట్ దొరగారే. పండ్రెండేండ్ల క్రితము కొండపైనుండి చూచిన ఆ ప్రాంతములో దేవుడు ఒకనిని ముందుగానే సిద్ధపరచుచుండెనని అప్పుడు ఆయనకు తోచియుండును. హోరేబులో ఏలీయాకు తెలియని ఏడువేలమంది సంగతి వంటిదే యిది. పేరయ్య వెదకుట ఆరంభించినప్పుడు అక్కడ మిషనరీ లేడు, బంగళా లేదు.

ఆ సంవత్సరము సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి ఒకటిన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. కొండమీది ప్రార్థనకు సరిగా పదమూడు సంవత్సరములు. జ్యూయెట్ దొరగారు మాత్రము ఒంగోలులో నిలువలేదు. తాను చూచిన స్థలమును, తాను ప్రార్థించిన జనమును చిన్నవానికి అప్పగించి నెల్లూరు పనిలో కొనసాగిరి. ఎమ్మిగనూరు మగ్గములయొద్ద పెరిగినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును: ఒకరు పడుగు పోయుదురు, మరియొకరు నేయుదురు, చీర మీద ఇద్దరి పేర్లును ఉండవు. దైవసేవలో ఇట్టి అప్పగింత చాల అరుదు. పెద్దవారు స్థలము విడువరు, చిన్నవారు కృతజ్ఞత చూపరు. ఇక్కడ మాత్రము అట్లు జరుగలేదు.

తరువాత ధాత కరువు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు మన బళ్లారి, కర్నూలు జిల్లాలను అది తుడిచిపెట్టినంత పని చేసినది. మన ముత్తాతల నోట ఆ పేరు విననివారు తక్కువ. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసుకొని ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించిరి. యవ్వనములో సర్వేయరు పని చేసినవారు గనుక అది సాధ్యమాయెను. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, కరువు నడిచినంత కాలము, ఏడాదికి పైగా, ఎవరికిని బాప్తిస్మమివ్వలేదు. సహాయము ఆగిన పిమ్మటను జనము ఆగలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులు మార్చుకొనిరి. మూడు దినములలో మొత్తము 3,536 మంది.

ఆ సంఖ్యలు లోకమంతట ప్రాకినవి. ఫలించని పొలమని మూడుమార్లు మూయబోయిన మిషను, ప్రపంచములో ఎక్కువగా ఫలించిన పొలములలో ఒకటాయెను. జ్యూయెట్ దొరగారికి అప్పటికి అరువది యైదేండ్లు. ఆ 1878లోనే ఆయన మద్రాసులో బాప్తిస్టు మిషను పనికి పునాది వేయుచుండిరి. సుఖముగా కూర్చుండి పంట చూచుకొను వయస్సులో మరల ఎనిమిదిమంది కూడ లేని చోట మొదలు పెట్టిరి.

మిగిలిన బలమంతయు తెలుగు బైబిలుకు ధారపోసిరి. నూతన నిబంధనను తెలుగున సరిచేసి వెలువరించుట ఆయన ముసలితనపు పని. కన్నులు మసకలు కమ్ముచుండగా ఒక్కొక్క మాటకు సరియైన తెలుగు మాట వెదకుట కొండ ఎక్కుటవంటిది కాదు. మెట్టపొలములో రాళ్లు ఏరుట వంటిది. ఎవరును చూడరు, ఎవరును పాట కట్టరు. తెలుగువారి మధ్య చనిపోవుదునని ఆయన చెప్పిన మాట మాత్రము నెరవేరలేదు. దేహము చాలక స్వదేశము చేరవలసివచ్చెను. 1897లో అమెరికాలోనే ప్రభువునందు నిద్రించిరి. పాతిపెట్టుటకు తోడు వచ్చిన క్లౌ దొరగారు ఆ సమయమున ఇంకను ఒంగోలు సంఘ సేవలోనే యుండిరి.

ఒంగోలు కొండకు బాప్తిస్టు సహోదరులు ప్రార్థన కొండ అని పేరు పెట్టుకొనిరి. నూతన సంవత్సరపు తెల్లవారుజామున అక్కడికి ఎక్కి ప్రార్థించుట తరువాతి తరములకు ఆనవాయితీ ఆయెను. గుంటూరు ప్రక్క మిరపకోతలకు పోవు మన ఆదోని, ఎమ్మిగనూరు సంఘస్థులు పని మధ్య ఒక ఆదివారము దొరికినయెడల ఒంగోలు వరకు వెళ్లి ఆ కొండ ఎక్కి చూడవచ్చును. ఎక్కుటకు ఎంతోసేపు పట్టదు.